తాతగారి జాబితా, పాప గడియారం

ఈ వారం ఉత్తరం రాసిన పాఠకురాలికి ఒక పాప. వచ్చే నెలకు 23 నెలలు నిండుతాయి. అత్తమామలు దూరాన మరో నగరంలో ఉంటారు. తొమ్మిది నెలల క్రితం మొదటిసారి పాపను తీసుకుని పది రోజులు ఉండి రావాలని అక్కడికి వెళ్లారు. మామగారికి 71 ఏళ్లు. ఉద్యోగ జీవితమంతా ఆ నగరంలోనే గడిపినవారు, అక్కడి ప్రతి పాత కట్టడం గురించీ గంటసేపు చెప్పగలవారు. మనవరాలికి తన నగరాన్ని చూపించాలన్న ఉత్సాహంతో, వీళ్లు దిగిన మర్నాడే కారు మాట్లాడి అందరినీ కోటకు తీసుకెళ్లారు. పొద్దున పదింటికి బయలుదేరి సాయంత్రం నాలుగింటికి తిరిగొచ్చారు. ఈలోగా పాపకు నిద్ర తప్పింది. మెట్ల మీద ఎత్తుకుని నడిచినంతసేపూ గింజుకుంది. కోడలి చేతులు లాగుతున్నాయని గమనించి మామగారు అందుకోబోతే, ఆయన ముఖాన్ని రెండు చేతులతో నెట్టేసి గుక్కపట్టి ఏడ్చింది. ఇంటికి వచ్చాక అత్తగారు, "ఇంత పసిదాన్ని ఎండలో అలా తిప్పితే ఏడవక ఏం చేస్తుంది?" అన్నారు. ఎవరినని చెప్పకుండా అన్న ఆ మాట మామగారు విన్నారు. ఆ తరువాత ఉన్నన్ని రోజులూ ఆయన ఎక్కడికీ వెళ్దామని అనలేదు.

ఇప్పుడు రెండో ప్రయాణం, ఈసారి పన్నెండు రోజులు. మామగారు స్వయంగా చేత్తో జాబితా రాసి ఫొటో తీసి పంపారు. అందులో తొమ్మిది చోట్లున్నాయి, ఏ రోజు ఎక్కడికో కూడా ఉంది. అత్తగారు విడిగా ఫోన్ చేసి, "ఈ మోకాళ్లతో నేను మీ వెంట తిరగలేనమ్మా, పిల్లను ఇంట్లోనే నా కళ్ల ముందు ఉండనివ్వండి" అన్నారు. భర్త తండ్రితో ఒకసారి మాట్లాడి చూశారు. "అంత చిన్నపిల్లకు ఇవన్నీ ఏం గుర్తుంటాయి నాన్నా?" అంటే ఆయన, "దానికి గుర్తుండకపోతే పోనీ, నాకుంటుంది" అని ఫోన్ పెట్టేశారు. అప్పటి నుంచి భర్త, "పన్నెండు రోజులేగా, సర్దుకుపోదాం" అంటున్నారు. ఉత్తరం చివరి పేజీలో ఆమె, ఇంతవరకు ఎవరికీ చెప్పలేదంటూ ఇంకో సంగతి రాశారు. ఆ నగరంలో పాత చిత్రాల మ్యూజియం ఒకటి ఉంది. చదువుకునే రోజుల నుంచి దాన్ని చూడాలని ఆమె కోరిక. పాపను నాన్నమ్మ, తాతయ్యల దగ్గర ఒక పూట వదిలి భర్తతో కలిసి వెళ్లాలని ఉంది, కాని ఆ ఆలోచన రాగానే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తోంది. జాబితాను ఏం చేయాలి, ఎవరి మాట వినాలి, తన కోరిక స్వార్థమా అని ఆమె అడుగుతున్నారు.

అమ్మా,

మీ ఉత్తరాన్ని రెండుసార్లు చదివాక నాకు అర్థమైంది ఇది. మీ ఇంట్లో నలుగురూ ఒకే ప్రయాణం గురించి మాట్లాడుతున్నా, నలుగురి మనసుల్లో ఉన్నవి నాలుగు వేర్వేరు ప్రయాణాలు. మామగారికి తన నగరాన్ని మనవరాలి చేతిలో పెట్టాలని ఉంది. అత్తగారికి ఆ పిల్ల ఇంట్లో తిరుగుతుంటే కూర్చుని చూడాలని ఉంది. మీ వారికి ఎవరూ నొచ్చుకోకుండా రోజులు గడిస్తే చాలు. మీకు పాప ఏడవకుండా ఉండాలి, దానితో పాటు మీకంటూ ఒక పూట కావాలి. వీటిలో ఏదీ అన్యాయమైన కోరిక కాదు. అందుకే "ఎవరి మాట వినాలి" అన్న మీ ప్రశ్నను కాసేపు పక్కన పెట్టి, ముందు ఆ కోటలో అసలు ఏం జరిగిందో చూద్దాం. అప్పటి నొప్పి మీ అందరిలో ఇంకా మిగిలి ఉంది, ఇప్పటి నిర్ణయాలన్నీ దాని నీడలోనే జరుగుతున్నాయి.

ఆ రోజు పాప ఏడుపుకు ఒక్క కారణం కాదు, మూడు ఉన్నాయి. మొదటిది నిద్ర. 13 నెలల వయసులో చాలామంది పిల్లలు ఇంకా పగలు రెండుసార్లు పడుకుంటారు, మధ్యాహ్నం ఒక్క కునుకుకు మారేది సాధారణంగా 15 నుంచి 18 నెలల మధ్య. అంటే మీరు పదింటికి బయలుదేరినప్పుడు బహుశా పాప మొదటి కునుకు వేళ దగ్గరపడింది, రెండో కునుకు వేళకు మీరు కోట మీద ఉన్నారు. పైగా ముందురోజు ప్రయాణపు బడలిక తీరనే లేదు. రెండో కారణం, మెట్ల మీద గంటల తరబడి ఎత్తుకుని ఉండటం. అప్పుడప్పుడే నడక వచ్చిన పిల్లకు కాళ్లు నేలకు ఆనకపోవడం పెద్ద శిక్ష. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఐదేళ్లలోపు పిల్లల కోసం ఇచ్చిన మార్గదర్శకాల్లో, ఈ వయసువారిని స్ట్రోలర్‌లో గాని ఎత్తు కుర్చీలో గాని పెద్దవాళ్ల వీపుకు కట్టుకుని గాని ఒకేసారి గంటకు మించి కదలనివ్వకుండా ఉంచవద్దని చెప్పింది. ఒకటి రెండేళ్ల పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర, రోజంతా మీద 180 నిమిషాలైనా ఒళ్లు కదిలే ఆట కావాలని కూడా అందులోనే ఉంది. మీ కోట ప్రయాణంలో ఈ రెండూ లేవు.

మూడో కారణం మామగారు. ఆయన తప్పు చేశారని కాదు, ఆ రోజుకు ఆయన పాపకు కొత్త మనిషి. ఎనిమిది తొమ్మిది నెలల నుంచి పిల్లలకు తెలిసిన ముఖం, తెలియని ముఖం అన్న తేడా బలంగా ఏర్పడుతుంది. తల్లి నుంచి విడిపోతామన్న భయం 10 నుంచి 18 నెలల మధ్య తారస్థాయిలో ఉంటుంది. నిద్రలేక, ఒళ్లు నొప్పులతో ఉన్న పిల్లను సరిగ్గా అదే వయసులో, పరిచయమై ఒక్క రోజైనా కాని మనిషి అమ్మ చేతుల్లోంచి తీసుకోబోయారు. పాప నెట్టింది ఆయన ముఖాన్నే అయినా, అది తాతను కాదనడం కాదు, అమ్మను వదలలేకపోవడం. ఈ సంగతి మీకూ నాకూ తెలుసు. 71 ఏళ్ల ఆ పెద్దమనిషికి ఎవరైనా చెప్పారా? చెప్పి ఉండరని అనుకుంటున్నాను. ఆయనకు అందినవి రెండే రెండు: మనవరాలు ముఖం మీద పెట్టిన చేతులు, భార్య అన్న మాట. ఆ తరువాత అన్ని రోజులు ఆయన ఊరుకున్నది కోట యాత్ర చెడిపోయినందుకు అని మీరు రాశారు. నాకు మాత్రం ఆ రెండు చేతులే ఎక్కువ బాధించి ఉంటాయనిపిస్తుంది.

ఇలా చూస్తే ఆ జాబితా కూడా వేరుగా కనిపిస్తుంది. అంత నొచ్చుకున్న మనిషి తొమ్మిది నెలల తరువాత మళ్లీ కాగితం తీసుకుని, మళ్లీ తొమ్మిది చోట్లు రాశారంటే ఆయన మీ సౌకర్యాన్ని పట్టించుకోకపోవడం కాదు. ఆ పిల్లకు దగ్గర కావడానికి ఆయనకు తెలిసిన దారి అదొక్కటే. ఒళ్లో కూర్చోబెట్టుకుని ఆడించడం అందరికీ చేతకాదు. తనకు బాగా తెలిసినదాన్ని చూపించడమే కొందరికి ముద్దు చేయడం. కాబట్టి జాబితాకు మీరిచ్చే జవాబు, అందులోని చోట్లకు మాత్రమే కాక ఆ మనిషికి కూడా జవాబు కావాలి.

ఇక గుర్తుండటం సంగతి. మీ వారు అన్నది ఒక విధంగా నిజం. మూడేళ్లకు ముందు జరిగినవాటిని పెద్దయ్యాక చెప్పగలిగేవారు చాలా అరుదు. అయితే అంత మాత్రాన ఇప్పుడు పాపకు జ్ఞాపకమే లేదనుకోకూడదు. కరోలిన్ రోవీ-కోలియర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆమె సహచరులు పసిపిల్లల జ్ఞాపకం మీద ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశారు. తాము కాలు ఆడిస్తే ఊయల మీది బొమ్మ కదులుతుందని నేర్చుకున్న మూడు నెలల పిల్లలు దాన్ని వారం దాకా మరిచిపోలేదు. వయసుకు తగ్గట్టు మార్చిన ఆటలో ఏడాదిన్నర పిల్లలు సుమారు 13 వారాల దాకా గుర్తుంచుకున్నారు. దీన్ని మీకు అన్వయించుకుంటే రెండు సంగతులు తేలతాయి. ఇన్ని నెలల ఎడం చాలా ఎక్కువ కాబట్టి పాపకు ఈసారి కూడా తాతయ్య కొత్తే, పాత భయమూ ఉండదు, పాత పరిచయమూ ఉండదు. కాని ఈ పన్నెండు రోజుల్లో మొదటి రోజు చేసిన స్నేహం ఆరో రోజుకు, పదో రోజుకు తప్పకుండా అక్కరకు వస్తుంది. అందువల్ల ఎక్కడికి వెళ్తారన్నదాని కంటే ఏది ముందు, ఏది తరువాత అన్నదే ఈ ప్రయాణంలో ముఖ్యమని నా అభిప్రాయం.

ఆ వరుస ప్రయాణానికి ముందే మొదలుకావచ్చు. మీకింకా నెల రోజుల వ్యవధి ఉంది. రోజు విడిచి రోజైనా తాతయ్యతో ఐదు నిమిషాలు వీడియోలో మాట్లాడించండి. తెర ముందు పిల్లలను కూర్చోబెట్టవద్దని చెప్పే అమెరికా పిల్లల వైద్యుల సంఘం కూడా, ఏడాదిన్నర లోపు పిల్లలకు సైతం ఇలాంటి వీడియో మాటలను మినహాయించింది. పాప మాట్లాడకపోయినా ఫరవాలేదు. ఆయన ప్రతిసారీ ఒకే పాట పాడినా, ఒకే బొమ్మ చూపించినా చాలు. అక్కడికి చేరాక ఆయన ఎదురుగా కూర్చుని చేతులు చాచకుండా, పక్కగా నేల మీద కూర్చుని ఏదో పనిలో ఉంటే పాపే దగ్గరికి వస్తుంది. మీరు అదే గదిలో ఉండండి. మేరీ ఐన్స్‌వర్త్ పిల్లల అనుబంధం మీద చేసిన పరిశోధనలో తేల్చినది ఇదే: అమ్మ అందుబాటులో ఉందన్న ధీమా ఉంటేనే పిల్ల కొత్తదాని వైపు నాలుగడుగులు వేస్తుంది, భయం వేస్తే వెనక్కి వచ్చి ఆనుకుని మళ్లీ వెళ్తుంది. ఈ రాకపోకలకు రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రెండు మూడు రోజులు ఎక్కడికీ కారెక్కకండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం.

జాబితా మొత్తం ఒప్పుకోవడం ఒక దారి. మీ వారు చెబుతున్నది ఇదే. మామగారు సంతోషిస్తారు, మొదటి రెండు మూడు రోజులు. పన్నెండు రోజుల్లో తొమ్మిది చోట్లంటే రాకపోకల రోజులు, బడలిక తీరే రోజులు తీసేశాక ఇంచుమించు రోజూ ప్రయాణమే. ఈ వయసు పిల్ల వరుసగా మూడు రోజులు నిద్ర తప్పితే నాలుగో రోజు ఇంట్లో ఉన్నా ఏడుస్తుంది, రాత్రి కూడా సరిగా పడుకోదు. అప్పుడు మళ్లీ పోయినసారి మాటలే వినపడతాయి. రెండోసారి కూడా అలా జరిగితే, తన వల్ల పిల్లకు కష్టమే తప్ప సంతోషం లేదని ఆ పెద్దాయన ఖాయం చేసుకుంటారని నా భయం. ఆయన కోసం సర్దుకుపోవడం చివరికి ఆయనకే నష్టం చేయవచ్చు.

అత్తగారు కోరినట్టు ఇంట్లోనే ఉండిపోవడం ఇంకో దారి. పాప నిద్ర, భోజనం వేళకు జరుగుతాయి. అత్తగారి కోరిక తీరుతుంది. కాని పన్నెండు రోజులు నాలుగు గోడల మధ్య పరుగెత్తలేని పిల్ల సోఫాలెక్కుతుంది, అల్మరాలు తీస్తుంది, ఆ వెనకే తిరగాల్సింది మోకాళ్ల నొప్పి ఉన్న అత్తగారు లేదా మీరు. మామగారి కాగితం రెండోసారి కూడా చెల్లకుండా పోతుంది. ఇంట్లో ఉంటే క్షేమమని కూడా పూర్తిగా అనుకోకండి. చాలాకాలంగా పిల్లలు తిరగని ఇల్లది, పెద్దవాళ్ల మాత్రలు మంచం పక్కన, భోజనాల బల్ల మీద, చేతిసంచీలో అందేలా ఉంటాయి. మధుమేహానికి వాడే కొన్ని మాత్రలు ఒక్కటి మింగినా ఈ వయసు పిల్లకు రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. మీరు ఏ దారి ఎంచుకున్నా, చేరిన మొదటి గంటలోనే మాత్రలన్నిటినీ ఎత్తయిన చోట, తాళం ఉంటే తాళం వేసి పెట్టించండి. ఇది అత్తగారికి ముందే ఫోన్‌లో చెబితే ఆవిడ తప్పుగా అనుకోరు, వచ్చాక అందరి ముందు వెతికితే మాత్రం నొచ్చుకోవచ్చు.

మూడో దారి, జాబితాను కుదించడం. నా మొగ్గు దీని వైపే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను. తొమ్మిదిలోంచి మూడు చోట్లు ఎంచుకోండి. ఆ మూడింటినీ మీరు కాక మామగారే ఎంచుకోవాలి. అందుకు ఆయనను అడగవలసిన ప్రశ్నలు వేరు. ఏది గొప్పది అని అడిగితే తొమ్మిదీ గొప్పవే అంటారు. ఎక్కడ నీడ ఉంది, ఎక్కడ పాప చేయి వదిలి పరుగెత్తగల చదునైన నేల ఉంది, మెట్లు ఎక్కడ తక్కువ, ఎక్కడ బాత్‌రూమ్ శుభ్రంగా ఉంటుంది, ఇంటి నుంచి అరగంటలోపు ఏది, పొద్దున్నే జనం లేనప్పుడు తెరిచేది ఏది అని అడగండి. ఆ నగరంలో జీవితమంతా గడిపిన మనిషికి తప్ప ఈ ప్రశ్నలకు ఇంకెవరికీ జవాబు తెలియదు. ఆయన జాబితాను కత్తిరిస్తున్నట్టు కాకుండా, ఆయనకున్న జ్ఞానాన్ని ఇంకా లోతుగా అడుగుతున్నట్టు ఉంటుంది. ఇది మాటల నేర్పు కోసం చెప్పడం లేదు, మీకు నిజంగానే ఆ వివరాలు కావాలి.

23 నెలలకు పాప బహుశా మధ్యాహ్నం ఒక్కసారే పడుకుంటుంది. కాబట్టి పొద్దున లేచినప్పటి నుంచి భోజనం దాకా మీకు పోయినసారి లేని నిడివైన పూట దొరుకుతుంది. ఎనిమిదింటికి బయలుదేరి పదకొండున్నరకు ఇంట్లో ఉండేలా చూసుకుంటే నిద్ర తప్పదు, ఎండ కూడా ముదరదు. కారులో తిరిగి వచ్చేటప్పుడు పది నిమిషాలు కునుకు పడితే ఇంట్లో అసలు నిద్ర పట్టదని మీకు తెలిసే ఉంటుంది, అందుకే దూరపు చోట్లు ముందుగా కొట్టేయండి. ఒక రోజు వెళ్తే మర్నాడు విరామం. స్ట్రోలర్ తీసుకెళ్లండి గాని మెట్లున్న చోట అది భారమే, అక్కడ దించి నడవనివ్వడమే మేలు.

అలా నడవనిచ్చినప్పుడు ఏమవుతుందో మామగారికి ముందే చెప్పి ఉంచడం అన్నిటికంటే అవసరం. న్యూయార్క్ యూనివర్సిటీలో కారెన్ అడాల్ఫ్ బృందం 12 నుంచి 19 నెలల పిల్లలు ఆడుకుంటున్నప్పుడు వాళ్ల అడుగులు లెక్కపెట్టి 2012లో ప్రచురించింది. సగటున గంటకు 2,368 అడుగులు వేశారు, 17 సార్లు పడ్డారు. ఆ అడుగులు ఒక గమ్యానికి తిన్నగా పోయేవి కావు, వంకర టింకరగా, ఆగుతూ, వెనక్కి తిరుగుతూ వేసేవి. మీ పాప అంతకంటే కొంచెం పెద్దది, ఇంకొంచెం స్థిరంగా నడుస్తుంది, కాని తీరు అదే. కోట సింహద్వారం దగ్గర ఆమె చూసేది ఎత్తైన కమాను కాదు. గడప రాతి మీది గాడి, అందులో నిలిచిన నీళ్లు, ఆ నీళ్ల చుట్టూ తిరిగే చీమ చూస్తుంది. అక్కడే ఇరవై నిమిషాలు కూర్చుంటుంది. పెద్దలు "ఇంకా లోపలికే వెళ్లలేదు" అనుకునేసరికి పాప చూడవలసినది చూసేసి ఉంటుంది. మామగారు ఆ గడప పక్కన కూర్చుని, ఆ గాడి అలా ఎందుకు అరిగిందో పాపకు చెప్పగలిగితే, అది ఆయన చరిత్ర పాఠమూ అవుతుంది, పాప ఆటా అవుతుంది. పాపకు మాటలు అర్థం కావాలని లేదు. ఆ గొంతు అలవాటవుతుంది.

అదే కారణంతో, ఆ మూడింటిలో ఒక చోటికి రెండుసార్లు, వీలైతే మూడుసార్లు వెళ్లమని అంటాను. ఇంటికి దగ్గరగా ఉన్న చెరువు గట్టో, తోటో అయితే మంచిది. పెద్దలకు చూసిందే చూడటం విసుగు. ఈ వయసు పిల్లలకు రెండోసారే అసలు సంతోషం, ఎందుకంటే మొదటిసారి అంతా కొత్త, రెండోసారి తనకు తెలిసినది ఎదురవుతుంది. నిన్నటి రాయి ఇవాళ కూడా అక్కడే ఉందని కనుక్కోవడం వాళ్లకు పెద్ద విషయం. రెండోసారి వెళ్లినప్పుడు మీరు పది అడుగులు వెనక ఉండి, పాప చేయి తాతయ్యకు అందేలా చూడండి. మూడోసారికి మీరు వెళ్లకపోయినా కుదరవచ్చు. మీ వారు, మామగారు, పాప ముగ్గురే వెళ్తే, ఆ పూట ఇంట్లో అత్తగారూ మీరూ ఉంటారు. పోయినసారి ఆవిడ అన్న మాట గురించి మాట్లాడుకోవడానికి కూడా ఆ పూట పనికిరావచ్చు. మాట్లాడాలని అనిపించకపోతే అక్కర్లేదు.

ఈ మూడో దారికీ లోటు ఉంది. మామగారికి ఆరు చోట్లు మిగిలిపోతాయి, ఆయనలో కొంత వెలితి తప్పదు. ఆ వెలితి ఉండదని మీరు ఆశించి వెళ్తే, ఆయన ముఖం చిన్నబోయినప్పుడల్లా మళ్లీ కంగారుపడతారు. మిగిలినవాటిలో ఒకటి రెండు చోట్లకు పాప పడుకున్న మధ్యాహ్నం మీ వారు ఒక్కరే తండ్రితో వెళ్లి రావచ్చు. ఆయన చూపించాలనుకున్నది మనవరాలికే అయినా, కొడుకుతో నడవడం తక్కువేమీ కాదు. పైగా "సర్దుకుపోదాం" అన్న మీ వారికి, అందులో తన వంతు ఏమిటో తెలుస్తుంది.

ఈ మార్పు గురించి మామగారికి ఎవరు చెప్పాలన్నది మిగిలింది. మీ వారు చెబితే కొడుకు మాటగా తేలిగ్గా పోవచ్చు, కాని ఆయన ఒకసారి అడిగి వెనక్కి తగ్గారు, రెండోసారి ఇంకా గట్టిగా అడగవలసి వచ్చి గొడవ కావచ్చు. అత్తగారి ద్వారా చెప్పించే ఆలోచన మీకు వస్తే వద్దంటాను. అది ఆయనకు పాత మాటకు కొనసాగింపులా వినిపిస్తుంది. మీరే చెబితే కోడలు కాదందన్న మాట రావచ్చు, కాని ఆ రోజు పాప ఎందుకు నెట్టిందో తల్లిగా చెప్పగలిగేది మీరొక్కరే. నాకు మేలనిపించేది మీరు, మీ వారు కలిసి ఫోన్‌లో కూర్చోవడం. మొదలు మాత్రం మీరు పెట్టండి. "మామయ్యగారూ, పోయినసారి పాప మిమ్మల్ని నెట్టినందుకు నాకు చాలా రోజులు బాధగా ఉంది. అప్పుడది నిద్రకు ఏడ్చింది, మీరు కాదు, నేను తప్ప ఎవరు ఎత్తుకున్నా అలాగే చేసేది. ఈసారి అది మీ చేయి పట్టుకుని నడవాలి, అందుకు ఏం చేద్దామో మీరే చెప్పాలి" అని అడిగితే, ఆ తరువాత జాబితా మాట ఎత్తడం అంత కష్టం కాదు. ఆయన వెంటనే ఒప్పుకోకపోవచ్చు. ఒకటి రెండు రోజులు వదిలేసి మళ్లీ అడగండి.

ఇక మీ మ్యూజియం. దాన్ని మీరు చివరి పేజీలో, క్షమాపణ అడుగుతున్నట్టు రాశారు. అది స్వార్థం కాదు. పాపతో కలిసి ఆ మ్యూజియంకు వెళ్తే చిత్రాలు మీరు చూడలేరు, ముట్టుకోవద్దని పట్టుకుని ఆపే ప్రతిసారీ పాప ఏడుస్తుంది, అటూ ఇటూ కాని పూట అవుతుంది. వెళ్లకుండా ఉంటే ఎవరికీ ఏమీ కాదు, కాని మీరు పన్నెండు రోజులూ అందరి అవసరాలూ చూసి తిరిగి వస్తారు, ఆ అలసట ఇంటికి వచ్చాక బయటపడుతుంది. పాపను వదిలి వెళ్తే ఏడవవచ్చు. పాప కొంతసేపు ఏడ్చి తాతయ్య, నాన్నమ్మల దగ్గర ఊరుకుంటే, వాళ్లకు అది ఏ కోటా ఇవ్వలేని ధైర్యం.

వెళ్లాలనే నిర్ణయించుకుంటే మొదటి వారంలో వద్దు, ఎనిమిదో రోజో తొమ్మిదో రోజో పెట్టుకోండి. అంతకు రెండు రోజుల ముందు ఒకసారి అరగంట, ఇంకోసారి గంటసేపు బయటికి వెళ్లి రండి, వెళ్లిన అమ్మ తిరిగి వస్తుందని పాపకు ఆ ఇంట్లో ఒకసారి తెలియాలి. నిద్రపోతున్నప్పుడు గాని, ఆటలో మరిపించి గాని జారుకోకండి. లేచి చూసేసరికి అమ్మ లేకపోతే ఆ తరువాత మిమ్మల్ని గది కూడా దాటనివ్వదు. గంటలు చెప్పినా పాపకు తెలియవు కాబట్టి "నువ్వు అన్నం తిని పడుకుని లేస్తావు, అప్పటికి అమ్మ వస్తుంది" అని చెప్పి, చేయి ఊపి, వెనక్కి తిరిగి రాకుండా వెళ్లండి. ఆ పూటకు అత్తగారి మీద పరుగుల భారం పడకుండా మామగారు బయట ఆడిస్తారు, ఆవిడ అన్నం పెట్టి పడుకోబెడతారు అని ముందే ఇద్దరితోనూ కలిపి మాట్లాడండి. ఇద్దరిలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ఆ రోజుకు మానుకోండి, ఇంకో రోజు ఉంటుంది.

మ్యూజియంలో ఉన్నంతసేపూ పావుగంటకోసారి ఫోన్ చేస్తే, మీకు చిత్రాలు కనపడవు, వాళ్లకు పాపను చూసుకోనివ్వరు. చేరగానే ఒకసారి, తిరిగి బయలుదేరే ముందు ఒకసారి చేయండి. మధ్యలో అవసరమైతే వాళ్లే చేస్తారు.